గుత్త ఇచ్చే చేయి అడగవలసిన ప్రశ్న

మన ఇళ్ళలో ఒక మంచి అలవాటు తరతరాలుగా వస్తున్నది. మాంసం కొనేటప్పుడు అది జిబహ్ చేసినదా కాదా అని అడుగుతాము. బిస్కట్ పొట్లం మీద చిన్న అక్షరాలలో ఏమి రాసి ఉన్నదో కళ్ళజోడు పెట్టుకొని మరీ చదువుతాము. అప్పు చేయక తప్పనప్పుడు వడ్డీ లేని దారి ఏదైనా ఉన్నదేమోనని పదిమందిని విచారిస్తాము. సరుకు శుభ్రంగా ఉంటే చాలదని, అది వచ్చిన దారి కూడా శుభ్రంగా ఉండాలని మన తల్లులు చదువు లేకుండానే గ్రహించారు, మనకు నేర్పించారు.

అయితే మన ఇంటి కొనుగోలు కన్నా ఎన్నో వేల రెట్లు పెద్ద కొనుగోలు ఒకటి మన పేరుతోనే జరుగుతున్నది. అది ప్రభుత్వ కొనుగోలు. పటమటలో కిరాణా కొట్టు నడిపే సోదరుడు మొదలుకొని ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టే మేస్త్రీ వరకు, సబ్బు బిళ్ళ కొనే వితంతువు వరకు, పన్ను కట్టని మనిషి మన సమాజంలో లేడు. ఆ పన్నులతోనే ప్రభుత్వం రోడ్లు వేయిస్తున్నది, రేవులు కట్టిస్తున్నది, యంత్రాలు కొంటున్నది. ఆ పనుల కోసం కంపెనీలను పిలుస్తుంది, టెండర్లు తెరుస్తుంది, తక్కువ ధర చెప్పినవారికి గుత్త ఇస్తుంది. ఇన్ని కాగితాలు అడిగే ప్రభుత్వం ఆ కంపెనీని అడగని ప్రశ్న ఒకటి ఉన్నది: “సొంత ప్రజలను చంపుతున్న పాలకులతో నీకు వ్యాపారం ఉన్నదా?”

ఈ ప్రశ్న అడగవచ్చునా? అడిగే అధికారం ప్రభుత్వానికి ఉన్నదా? అడిగితే ఎవరికి మేలు, ఎవరికి కీడు? ఇది ఎక్కడో అమెరికాలో చర్చించుకొనే విషయమని కొందరు పాఠకులు అనుకోవచ్చు. కాదు. మన ఆంధ్ర తీరపు రేవుల చుట్టూ, కృష్ణా జిల్లాలోని ఒక కర్మాగారం పేరు చుట్టూ, మన వంటింటి మినపపప్పు డబ్బా చుట్టూ ఈ ప్రశ్న తిరుగుతున్నది. దాని రెండో కొస బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున, బర్మాలో ఉన్నది.

బర్మాతో మన బంధుత్వం

బర్మా మనకు పరాయి దేశం కాదు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుండి పడవలెక్కి రంగూన్‌కు పోయినవారు ఎంతమందంటే, అక్కడ తెలుగు కూలీలందరికీ కోరంగీలు అన్న పేరే స్థిరపడిపోయింది. రంగూన్ రేవులో ఓడల నుండి బరువులు దించినవారిలో, బియ్యం మిల్లులలో బస్తాలు మోసినవారిలో వారే అధికులు. 1930 మే నెలలో ఆ రేవు కూలి తగాదా నుండే అల్లర్లు పుట్టి ఎందరో తెలుగు కూలీలు ప్రాణాలు కోల్పోయారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు అడవి దారుల వెంట నడిచి తిరిగి వచ్చారు. చివరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ బందీగా కన్నుమూసినది కూడా ఆ రంగూన్‌లోనే, 1862 నవంబర్ 7న.

1962 మార్చిలో జనరల్ నె విన్ సైన్యంతో అధికారాన్ని చేజిక్కించుకొన్నాడు. 1964లో దుకాణాలను, వ్యాపారాలను ప్రభుత్వపరం చేశాడు. తరాలుగా స్థిరపడిన భారతీయులు లక్షల సంఖ్యలో కట్టుబట్టలతో ఓడలెక్కి వచ్చేశారు. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆనాటి కన్నీళ్ళకు నేటికీ నిలిచి ఉన్న గుర్తు. నిరంకుశ పాలన అంటే ఏమిటో తెలుగు కుటుంబాలు పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. దానివల్ల ఇల్లూవాకిలీ పోగొట్టుకొని తెలుసుకొన్నాయి.

ఆ సైన్యమే 1982లో తెచ్చిన పౌరసత్వ చట్టంతో రోహింగ్యా ముస్లిములు తాము పుట్టిన గడ్డ మీదనే పరాయివారయ్యారు. 2017 ఆగస్టు 25 తరువాత రఖైన్ రాష్ట్రంలో సైన్యం జరిపిన దహనకాండకు, హత్యలకు, మానభంగాలకు తాళలేక ఏడు లక్షలకు పైగా జనం బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అంతకు ముందే, ఆ తరువాతా వచ్చిన కొన్ని వేలమంది మన హైదరాబాదులో, బాలాపూర్ పరిసరాలలో గుడిసెలలో కాలం వెళ్ళబుచ్చుతున్నారు. 2019 నవంబరులో గాంబియా అనే చిన్న ఆఫ్రికా దేశం అంతర్జాతీయ న్యాయస్థానంలో బర్మా మీద జాతిహనన నేరం మోపి దావా వేసింది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూడా కూలదోసింది. అప్పటినుండి తుపాకి రోహింగ్యాల మీదనే కాక బౌద్ధులైన బర్మీయుల మీదకు, క్రైస్తవులైన కచిన్, చిన్ జాతుల మీదకు కూడా తిరిగింది. కావున ఇది ఒక మతానికి మాత్రమే సంబంధించిన బాధ అని ఎవరూ అనుకోరాదు.

సైన్యం చేతిలో సంచి

తుపాకి పేలాలంటే డబ్బు కావాలి. బర్మా సైన్యానికి ప్రభుత్వ ఖజానా ఒక్కటే ఆధారం కాదు. దాని చేతిలో రెండు పెద్ద వ్యాపార సంస్థలు ఉన్నాయి. ఒకటి మయన్మార్ ఎకనమిక్ హోల్డింగ్స్, రెండవది మయన్మార్ ఎకనమిక్ కార్పొరేషన్. గనులు, బ్యాంకులు, బీరు, సిమెంటు, రేవు భూములు, ఇలా అన్నింటిలోనూ వాటి చేయి ఉన్నది. ఐక్యరాజ్యసమితి నియమించిన నిజనిర్ధారణ బృందం 2019 ఆగస్టులో ఈ వ్యాపారాల మీద ఒక ప్రత్యేక నివేదిక వెలువరించింది. ఈ సంస్థల ఆదాయం సైన్యానికి పౌర ప్రభుత్వపు అదుపు లేని బలాన్ని ఇస్తున్నదని, ప్రపంచంలోని ఏ కంపెనీ కూడా వాటితో లావాదేవీలు పెట్టుకోరాదని ఆ బృందం స్పష్టంగా చెప్పింది.

అదే 2019లో, ఆ నివేదికకు కొద్దికాలం ముందు, మన దేశానికి చెందిన అదానీ పోర్ట్స్ కంపెనీ యాంగాన్ నగరంలో కంటెయినర్ల రేవు కట్టి నడిపేందుకు ఒప్పందం చేసుకొన్నది. అది 29 కోట్ల డాలర్ల పథకం. రేవు స్థలం మయన్మార్ ఎకనమిక్ కార్పొరేషన్‌ది, అనగా సైన్యానిది. భూమి లీజు కింద 3 కోట్ల డాలర్లు, స్థలం చదును చేయించే రుసుము కింద 2 కోట్ల 20 లక్షల డాలర్లు ఆ సైనిక సంస్థకు చెందుతున్నాయని 2021 మార్చిలో రెండు మానవహక్కుల సంస్థలు పత్రాలతో సహా వెల్లడించాయి. ఆ నెలలోనే అమెరికా ఆ సైనిక సంస్థ మీద ఆంక్షలు విధించింది.

ఇక మన తీరం వైపు చూద్దాము. నెల్లూరు జిల్లాలోని కృష్ణపట్నం రేవు 2020లో అదానీ పోర్ట్స్ చేతికి వచ్చింది. విశాఖపట్నం దగ్గరి గంగవరం రేవులో ప్రైవేటు వాటాలను 2021 మార్చిలో ఆ కంపెనీ కొనుగోలు చేయ సంకల్పించింది. అందులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, అంటే మనకు, 10.4 శాతం వాటా ఉండేది. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం దానిని సుమారు 645 కోట్ల రూపాయలకు ఆ కంపెనీకే అమ్మివేసింది. ధర తక్కువైనదని కొందరు, వాటా ఎందుకు అమ్మాలని మరికొందరు వాదించారు. ఆ వాదనలు తమ స్థానంలో సబబైనవే. కాని యాంగాన్ రేవు సంగతి ప్రభుత్వం అడిగి తీరాలన్న నియమం ఏ పుస్తకంలోనూ లేదు. ఆ ఒప్పందంలో సంతకం చేసిన అధికారిని తప్పుపట్టడానికి కాదు మేము ఈ మాట అంటున్నది. అడగవలసిన ప్రశ్న నియమావళిలోనే లేనప్పుడు అధికారి మాత్రం ఏమి చేయగలడు?

ప్రశ్న అడిగినవారు వేరేచోట ఉన్నారు. 2021 ఏప్రిల్‌లో ఒక ప్రసిద్ధ షేర్ మార్కెట్ సూచీ సంస్థ తన ఉత్తమ కంపెనీల పట్టిక నుండి అదానీ పోర్ట్స్‌ను తొలగించింది. జూన్‌లో నార్వే పింఛను సంస్థ కె.ఎల్.పి. తన వాటాలను అమ్మి బయటికి వచ్చింది. అక్టోబరులో కంపెనీయే బర్మా నుండి వైదొలగాలని నిర్ణయించింది. 2023 మేలో ఆ రేవును కేవలం 3 కోట్ల డాలర్లకు అమ్మి నష్టంతో వచ్చేసింది. అయినా నార్వే ప్రభుత్వపు మహానిధి 2024 మేలో ఆ కంపెనీని తన జాబితా నుండి తప్పించింది. ఇందులో మనకు రెండు పాఠాలు ఉన్నాయి. మొదటిది, డబ్బు పెట్టేవాడు ప్రశ్నిస్తే కంపెనీ దారి మార్చుకొంటుంది. రెండవది, ఆ ప్రశ్న నార్వే ఉద్యోగుల పింఛను డబ్బు తరఫున వచ్చింది, మన డబ్బు తరఫున రాలేదు.

ప్రభుత్వమే వ్యాపారి అయినప్పుడు

ప్రైవేటు కంపెనీ సంగతి ఒక ఎత్తు. ప్రభుత్వ కంపెనీల సంగతి మరొక ఎత్తు. మచిలీపట్నంలో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీగా మొదలై 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసిన కర్మాగారాన్ని కృష్ణా జిల్లావాసులు ఎరుగుదురు. ఎన్నో కుటుంబాలకు అది అన్నం పెట్టింది. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి టామ్ ఆండ్రూస్ 2023 మేలో బర్మా సైన్యానికి ఆయుధాలు ఎక్కడినుండి వస్తున్నాయో లెక్క తీశారు. తిరుగుబాటు తరువాత కనీసం 100 కోట్ల డాలర్ల ఆయుధ సామగ్రి వచ్చినదని, అందులో రష్యా నుండి 40 కోట్ల 60 లక్షలు, చైనా నుండి 26 కోట్ల 70 లక్షలు, సింగపూర్ నుండి 25 కోట్ల 40 లక్షలు కాగా, మన దేశం నుండి 5 కోట్ల 10 లక్షల డాలర్ల సరుకు పోయినదని తేల్చారు. మన దేశపు సరఫరాదారులలో భారత్ ఎలక్ట్రానిక్స్ పేరు కూడా ఉన్నది. మచిలీపట్నంలో అద్దాలు సానపట్టే కార్మికునికి ఇందులో రవ్వంత పాపం అంటదు. అతడు దేశరక్షణ కోసం పని చేస్తున్నానని నమ్ముతాడు, ఆ నమ్మకం న్యాయమైనది. కాని ఆ సంస్థకు యజమాని ప్రభుత్వం, ప్రభుత్వానికి యజమానులం మనము.

సహజవాయువు కథ కూడా ఇటువంటిదే. కోనసీమలో, కృష్ణా-గోదావరి తీరంలో ఓఎన్‌జీసీ, గెయిల్ పేర్లు తెలియని పల్లె లేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పేలి జరిగిన ఘోరం ఎవరూ మరువలేదు. ఓఎన్‌జీసీ విదేశ్ కంపెనీకి 17 శాతం, గెయిల్‌కు 8.5 శాతం వాటా బర్మాలోని ష్వే వాయు క్షేత్రంలో ఉన్నాయి. అక్కడి ప్రభుత్వ చమురు సంస్థ కూడా అందులో భాగస్వామి. తిరుగుబాటు తరువాత దాని ఆదాయం సైనిక పాలకుల అదుపులోకి పోయింది. 2022 జనవరిలో ఫ్రాన్సు కంపెనీ టోటల్, అమెరికా కంపెనీ షెవ్రాన్ బర్మాలోని తమ వాయు క్షేత్రం నుండి వైదొలగుతామని ప్రకటించాయి. మరుసటి నెలలో ఐరోపా సమాఖ్య ఆ చమురు సంస్థ మీద ఆంక్షలు విధించింది. మన సంస్థలు అటువంటి ప్రకటన చేయలేదు. సరిహద్దు భద్రత, చైనాతో పోటీ, ఇంధన అవసరం అనే కారణాలు ప్రభుత్వానికి ఉన్నాయి. అవి కల్లలు కావు. కాని కారణం ఉండటం వేరు, ఆ కారణాన్ని ప్రజల ముందుంచి జవాబు చెప్పటం వేరు.

అడిగి చూసినవారి అనుభవం

ప్రభుత్వ కాంట్రాక్టులను ఈ విధంగా కట్టడి చేయటం కొత్త ఆలోచన కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1996 జూన్‌లో సరిగ్గా బర్మా గురించే ఒక చట్టం చేసింది. బర్మాతో వ్యాపారం చేసే కంపెనీల పట్టిక తయారు చేసి, అటువంటి కంపెనీ రాష్ట్ర టెండరు వేస్తే దాని ధరకు 10 శాతం కలిపి లెక్కించాలని నిర్ణయించింది. పూర్తి నిషేధం కాదు, త్రాసులో ఒక వైపు కొంచెం బరువు పెట్టటం మాత్రమే. అంతమాత్రానికే ఆ ఏడాది ఆపిల్ కంపెనీ బర్మా నుండి బయటికి వచ్చింది.

వ్యాపార సంఘాలు కోర్టుకు పోయాయి. 2000 జూన్ 19న అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. బర్మా మీద ఏ మేరకు ఆంక్షలు ఉండాలో దేశపు పార్లమెంటు అప్పటికే ఒక చట్టం ద్వారా నిర్ణయించి, అధ్యక్షునికి అధికారం ఇచ్చి ఉండగా, ఒక రాష్ట్రం వేరే దారి తొక్కితే దేశం ఒక్క గొంతుతో మాట్లాడలేదని కోర్టు అన్నది. బర్మా సైనికులు మంచివారని కోర్టు చెప్పలేదు. ఆ పని చేయవలసినది రాష్ట్రం కాదు, దేశం అని మాత్రమే చెప్పింది.

ఆ పాఠం నేర్చుకొన్న అమెరికా 2007 డిసెంబరు 31న సూడాన్ విషయంలో దేశవ్యాప్త చట్టమే చేసింది. కేంద్ర ప్రభుత్వ కాంట్రాక్టు కావలసిన కంపెనీ సూడాన్‌లో నిషిద్ధ వ్యాపారాలు చేయటం లేదని స్వయంగా ధ్రువీకరించాలి. ఇక్కడ మనము ఒక చేదు నిజాన్ని చెప్పుకోవాలి. సూడాన్‌ను ఏలిన ఒమర్ అల్ బషీర్ ముస్లిమే. 1989లో సైన్యంతో గద్దెనెక్కాడు. 2003 నుండి దార్ఫూర్‌లో అతని సేనల చేతిలో బలైనవారూ ముస్లిములే. అదే 2003లో మన ఓఎన్‌జీసీ విదేశ్ అక్కడి చమురు క్షేత్రంలో 25 శాతం వాటా కొన్నది. అప్పుడు మన సమాజంలో ఎందరు నోరు విప్పారు? పీడకుని పేరు మనవాళ్ళ పేరులా వినిపించినంత మాత్రాన పీడన తేలిక కాదు. న్యాయం విషయంలో సాక్ష్యం మన మీదకు, మన తల్లిదండ్రుల మీదకు, బంధువుల మీదకు వచ్చినా తప్పుకోరాదన్నది దివ్య ఖుర్‌ఆన్ నిసా సూరా 135వ వాక్యంలోని ఆదేశ సారం.

మన దేశానికి కూడా ఇందులో గర్వించదగిన చరిత్ర ఉన్నది. దక్షిణాఫ్రికాలోని వర్ణవివక్ష ప్రభుత్వంతో వర్తకాన్ని 1946లో ప్రపంచంలో అందరికన్నా ముందు తెంచుకొన్నది భారతదేశమే. స్వాతంత్ర్యం ఇంకా చేతికి రాని రోజులవి. ఆ వర్తకంలో మనకు లాభం లేక కాదు, లాభం వదులుకొని ఆ పని చేశాము.

మన నియమంలో ఉన్నది, లేనిది

ఇప్పుడు మన నియమాలలో ఏమి ఉన్నది? 2020 జూలై 23న కేంద్ర ప్రభుత్వం సాధారణ ఆర్థిక నియమావళిలోని 144వ నియమానికి ఒక సవరణ చేసింది. భారతదేశంతో భూసరిహద్దు ఉన్న దేశపు కంపెనీ ప్రభుత్వ టెండరులో పాల్గొనాలంటే ముందుగా ప్రత్యేక కమిటీ వద్ద నమోదు కావాలి, విదేశాంగ శాఖ, హోం శాఖ అనుమతులు పొందాలి. రాజ్యాంగం 257వ అధికరణం కింద దీనిని రాష్ట్రాలకు కూడా వర్తింపజేశారు. గల్వాన్ లోయ ఘర్షణ జరిగిన మరుసటి నెలలో వచ్చిన ఈ ఉత్తర్వు గురి చైనా అని అందరికీ తెలుసు. భారతదేశం రుణసహాయం, అభివృద్ధి సహాయం అందించే పొరుగు దేశాలకు మినహాయింపు ఇచ్చారు.

అంటే ప్రభుత్వ కొనుగోలును విదేశాంగ నీతితో ముడిపెట్టటం మన దేశంలో ఇప్పటికే జరిగిన పని. కాని ఆ నియమం అడిగేది “నీవు ఏ దేశంవాడివి?” అని. “నీవు ఎవరితో చేతులు కలిపావు?” అని అడగదు. చైనాలో పుట్టిన మంచి కంపెనీ గుమ్మం దగ్గర ఆగిపోతుంది. మన దేశంలోనే పుట్టి, నరహంతక సైన్యానికి అద్దె కట్టే కంపెనీ తల ఎత్తుకొని లోపలికి వస్తుంది. పుట్టుకను చూసి మనిషిని తూచటం ఎంత అన్యాయమో మన సమాజానికి ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. చేతలను చూసి తూచటమే ధర్మం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒంటరిగా ఇటువంటి చట్టం చేయవచ్చునా? విదేశీ వ్యవహారాలు కేంద్ర జాబితాలోనివి. మసాచుసెట్స్‌కు తగిలిన దెబ్బ మనకూ తగలవచ్చు. పైగా ప్రభుత్వ గుత్తలలో ఇష్టం వచ్చినట్టు వివక్ష చూపరాదని, 14వ అధికరణం అక్కడ కూడా వర్తిస్తుందని మన సుప్రీంకోర్టు 1979లో రమణా దయారాం శెట్టి కేసులో చెప్పి ఉన్నది. కావున నిషేధం విధించే చట్టం పార్లమెంటు నుండి రావాలి. కాని వెల్లడి చేయించటానికి అంత పెద్ద అడ్డంకి లేదు. టెండరు వేసేవాడు ఇప్పటికే బ్లాక్‌లిస్టులో లేనని రాసి ఇస్తున్నాడు, సరిహద్దు దేశంవాడిని కానని రాసి ఇస్తున్నాడు. ఐక్యరాజ్యసమితి విచారణలో ఘోర నేరాలకు బాధ్యులుగా తేలిన సైనిక సంస్థలతో తనకు ఒప్పందాలు ఉన్నవీ లేనివీ ఇంకొక కాగితంలో రాసి ఇమ్మంటే ఎవరి నెత్తిన కొండ పడదు. మచిలీపట్నంలో, రామాయపట్నంలో, మూలపేటలో ప్రజాధనంతో కొత్త రేవులు కడుతున్న ఈ కాలంలో ఆ కాగితం ఎంతో అవసరం.

ద్రాక్షరసం, కత్తి, గోధుమ

ఇంతకీ ఎంత దూరపు సంబంధాన్ని సంబంధం అనాలి? ఇక్కడ మా మదరసాలలో శతాబ్దాలుగా చెబుతున్న ఒక పాఠం అక్కరకు వస్తుంది. సారాయి కాచేవాడని తెలిసిన మనిషికి ద్రాక్షరసం అమ్మవచ్చునా అని ఫిఖహ్ గ్రంథాలలో ఒక చర్చ ఉన్నది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అమ్మవచ్చునన్నారు. పాపం ఆ రసంలో లేదు, కొన్నవాడు దానిని మార్చిన తరువాతనే పుడుతున్నదని వారి వాదన. వారి శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) దానిని సమ్మతించలేదు. కాని కల్లోల కాలంలో అల్లరిమూకలకు ఆయుధం అమ్మరాదన్న విషయంలో వారి మధ్య భేదం లేదు. ఎందుకంటే కత్తిని మార్చవలసిన పని లేదు. అమ్మిన రూపంలోనే అది గొంతు కోస్తుంది.

ఈ కొలబద్దతో చూస్తే దారి స్పష్టమవుతుంది. సైన్యానికి ఆయుధం, రాడార్, సైన్యపు సంస్థకు భూమి అద్దె, ఇవి దగ్గరి కారణాలు. వీటికి సాకు లేదు. బర్మాలో సబ్బులు అమ్ముకొనే కంపెనీ, పన్ను రూపంలో నాలుగు పైసలు అక్కడి ఖజానాకు కట్టే కంపెనీ, ఇవి దూరపు కారణాలు. వీటిని కూడా ఒకే గాటన కడితే ఏ కంపెనీ మిగలదు, నియమం నవ్వులపాలవుతుంది.

మరి మన వంటింటి మినపపప్పు? కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణిలో మన రైతులు మినుము చల్లుతారు. అయినా దేశ అవసరానికి చాలక బర్మా మినుములు దిగుమతి అవుతున్నాయి. తిరుగుబాటు జరిగిన నాలుగు నెలలకే, 2021 జూన్‌లో, ఏడాదికి 2.5 లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు ఐదేళ్ళపాటు ప్రైవేటు వర్తకుల ద్వారా దిగుమతి చేసుకొనేందుకు భారత్ బర్మాతో ఒప్పందం చేసుకొన్నది. మన ఇడ్లీలో ఆ పప్పు ఉండవచ్చు. దానిని ఆపాలా?

దీనికి జవాబు సుమామా బిన్ ఉసాల్ (రజి) వృత్తాంతంలో ఉన్నది. ఆయన యమామా ప్రాంతపు నాయకుడు. ఇస్లాం స్వీకరించిన తరువాత, దైవప్రవక్త (స) అనుమతి లేనిదే యమామా నుండి ఒక్క గోధుమ గింజ కూడా మక్కాకు రాదని ఖురైషులతో తెగేసి చెప్పి, అలాగే ఆపివేశారు. మక్కావాసులు ఆకలితో అలమటించి దైవప్రవక్త (స)కు మొరపెట్టుకొన్నారు. వారు ఆయనను ఊరు నుండి వెళ్ళగొట్టినవారు. ఆయన వంశాన్ని మూడేళ్ళు అబూ తాలిబ్ లోయలో నిర్బంధించి అన్నపానీయాలు అందకుండా బహిష్కరించినవారు. అయినా ధాన్యం పంపించమని సుమామా (రజి)కు ఆయన (స) లేఖ రాయించారు. తమకు జరిగినదే తిరిగి చేయలేదు. కావున బర్మా రైతు పండించిన మినుము మీద మన పోరాటం కాదు. అతడు కూడా ఆ తుపాకి నీడలోనే బతుకుతున్నాడు. అన్నం, మందులు, చదువు, వీటి జోలికి పోని కట్టడియే ధర్మబద్ధమైన కట్టడి.

బహిష్కరణ అన్న మాట మన సమాజానికి మరొక కారణం చేత కూడా గుచ్చుకొంటుంది. ఫలానావారి కొట్టులో కొనవద్దని, ఫలానా పండ్ల బండి దగ్గరికి పోవద్దని మన గురించే పిలుపులు వింటున్న రోజులివి. అందువల్ల మనము కోరే నియమం పేర్లను చూసి, మతాన్ని చూసి, పుట్టిన దేశాన్ని చూసి పనిచేసేది కాకూడదు. నిష్పాక్షిక విచారణలో తేలిన చేతను మాత్రమే చూడాలి, కంపెనీకి జవాబు చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి, దారి మార్చుకొన్నవారికి తిరిగి తలుపు తెరవాలి. ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పనివ్వరాదన్న మాయిదా సూరా హెచ్చరిక నియమం రాసేవారికి కూడా వర్తిస్తుంది.

రెండు అభ్యంతరాలు

“మన ఒక్క రాష్ట్రం, మన ఒక్క దేశం తప్పుకొంటే చైనా ఆ చోటు ఆక్రమించదా?” అని కొందరు అడుగుతారు. ఆక్రమించవచ్చు. కాని పక్కవాడు దొంగసొమ్ము కొంటాడు గనుక నేనే కొంటానన్న వాదాన్ని మనము ఇంట్లో పిల్లలు చెబితే ఒప్పుకొంటామా? పైగా అదానీ పోర్ట్స్ ఉదంతం, అంతకు ముందు ఆపిల్ ఉదంతం చూస్తే, మంచి పేరు కావలసిన కంపెనీ మీద ప్రశ్నకు బలం ఉన్నదని తేటతెల్లమవుతున్నది.

“ఖర్చు పెరగదా?” అన్నది రెండవ అభ్యంతరం. కొన్ని టెండర్లలో పెరగవచ్చు. మసాచుసెట్స్ లెక్క ప్రకారం చూసినా అది నూటికి పది. హలాల్ మాంసం కోసం రెండు వీధులు ఎక్కువ నడిచే మనము, నూటికి రెండు రూపాయలు వడ్డీ వస్తుందన్నా వద్దనుకొనే మనము, శుభ్రమైన గుత్త కోసం కొంత భారం మోయలేమని చెప్పుకోవటం శోభించదు. ఇక ప్రపంచ వాణిజ్య సంస్థ అడ్డుపడుతుందన్న మాట కూడా మన విషయంలో బలహీనమైనది. ప్రభుత్వ కొనుగోళ్ళ గురించిన ఆ సంస్థ ఒప్పందంలో భారతదేశం సభ్యదేశం కాదు. 2010 నుండి కేవలం పరిశీలక హోదాలో ఉన్నది.

మనము చేయగలిగినవి

పెద్ద మాటలు చెప్పి ఊరుకోవటం మా ఉద్దేశం కాదు. ప్రతి ఇల్లు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. మన శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు ఓటు కోసం మసీదు గుమ్మం దగ్గరికి వస్తారు. షాదీఖానా, శ్మశానపు గోడ మాత్రమే అడిగి పంపివేయకండి. టెండరు వేసే కంపెనీల చేత ఆ వెల్లడి పత్రం రాయించమని, పార్లమెంటులో ఈ విషయం లేవనెత్తమని వ్రాతపూర్వకంగా ఇవ్వండి. సమాచార హక్కు చట్టం 2005 కింద పది రూపాయల రుసుముతో ప్రభుత్వ ఒప్పందాల వివరాలు అడగవచ్చు. చదువుకొన్న మన ఆడపిల్లలు, మగపిల్లలు ఆ దరఖాస్తు రాయటం నేర్చుకోవాలి. షేర్లలో, మ్యూచువల్ ఫండ్లలో డబ్బు పెట్టే సోదరులు వడ్డీ, సారాయి కంపెనీలను ఏరివేసినట్టే, సైనిక హంతకుల భాగస్వాములను కూడా ఏరివేయాలి. ఈ పనిలో మనము ఒంటరివారము కాదు. బర్మా నుండి కట్టుబట్టలతో వచ్చిన హిందూ కుటుంబాల పిల్లలు, మనుమలు మన పక్కనే ఉన్నారు. వారితో కలిసి అడిగితే ఆ గొంతుకు మరింత బరువు ఉంటుంది.

మంచికి, దైవభీతికి సంబంధించిన పనులలో ఒకరికొకరు తోడ్పడాలని, పాపానికి, దౌర్జన్యానికి తోడ్పడరాదని మాయిదా సూరా మనకు నేర్పుతున్నది. తోడ్పాటు చేతితోనే జరగనక్కరలేదు. సంతకంతో జరగవచ్చు, చూసీచూడనట్టు ఊరుకోవటంతో కూడా జరగవచ్చు. సంపాదన ఎక్కడినుండి వచ్చింది, దేనికి ఖర్చయింది అని ప్రళయదినాన మనిషిని అడుగుతారని మనము విశ్వసిస్తాము. ఖజానాలో మన వాటా చిన్నదే కావచ్చు. కాని ఆ చిన్న వాటా లెక్క చెప్పవలసినది మనమే. అందుకు ముందుగానే, ఇక్కడే, గుత్త ఇచ్చే చేతిని ఆపి ఒక్క మాట అడిగే ధైర్యాన్ని అల్లాహ్ మనకందరికీ ప్రసాదించుగాక.